గోడకు బిగించిన తలుపు

మిట్టమధ్యాహ్నం...! అర్ధరాత్రి తిరిగేవి మిట్టమధ్యాహ్నమూ తిరుగుతాయని పెద్దలు ఊరికే అనలేదు. అర్ధరాత్రయితే మనిషి గడియ పెట్టుకుని జాగ్రత్తపడతాడు. పట్టపగలు ఎవడు జాగ్రత్తపడతాడు? ఘోరాలకు అదే అదను.

ఆ మధ్యాహ్నం ఆకాశం మసిగుడ్డలా నల్లబడింది. సూర్యబింబాన్ని కారుమేఘాలు కబళించాయి. దిక్కులు దద్దరిల్లేలా ఉరిమింది... ఆ ఉరుముకు, పై అంతస్తు హాల్లో పనివాళ్ళు ఊడబెరుకుతున్న పాత ఏసీ గొట్టంలోంచి ఓ గుడ్లగూబ బయటికి దూకింది. అందరి తలల మీదుగా ఒక చుట్టు చుట్టి, కిటికీ అద్దానికి కొట్టుకుని కిందపడింది. పడింది పడినట్టే ఉండిపోయింది.

"పగటిపూట గుడ్లగూబేంటి సార్?" అన్నాడు మేస్త్రి.

"దానికి ఏసీ అలవాటైంది. నీకు లేదని కుళ్ళుకోకు," అన్నాడు ఇంజనీరు.

అందరూ నవ్వారు. నవ్వాక మాత్రం దాన్ని తీసి అవతల పారెయ్యడానికి ఎవరూ ముందుకు రాలేదు.

ఆ భవనం ఏళ్ళ తరబడి ఒక పెద్ద కంపెనీకి ఆఫీసు. కంపెనీ ఇంకా పెద్దదై, ఇంకా పెద్ద నగరానికి వెళ్ళిపోయింది. ఖాళీ భవనాన్ని కాలేజీవాళ్ళు కొన్నారు. ఆఫీసును కాలేజీగా మార్చడమంటే బోర్డు మార్చినంత తేలికని కొన్నవాళ్ళు అనుకున్నారు గానీ, చేసేవాడికి తెలుస్తుంది అందులో బాధ! మేనేజర్ల క్యాబిన్లు కూల్చి క్లాసురూములు చేశారు. ఫైళ్ళు కుక్కిన గది లైబ్రరీ అయింది. పెద్దసారు ఒక్కడి కోసం కట్టించుకున్న పాలరాతి స్నానాలగదిలో ఇప్పుడు కెమిస్ట్రీ ల్యాబు సీసాలు. అన్నీ దారిన పడ్డాయి, పై అంతస్తు మీటింగు హాలు తప్ప.

ఆ హాల్లో ఒకప్పుడు పదిమంది పెద్దలు బల్ల చుట్టూ కూర్చుని కాఫీ తాగేవారు. వాళ్ళకు ఒక వాకిలి చాలింది. రేపు అక్కడ రెండొందల మంది పిల్లలు కూర్చుని పాఠం వింటారు. అంతమంది కూర్చునే గదికి రెండు వాకిళ్ళు ఉండి తీరాలి, నిప్పంటుకుంటే ఒకటి మూసుకుపోయినా రెండోది ప్రాణం కాపాడుతుందని నియమం. రెండో వాకిలి లేకపోతే అగ్నిమాపక శాఖ అనుమతి రాదు. అనుమతి రాకపోతే కాలేజీ లేదు. ఉన్న వాకిలికి ఎదురుగోడ భవనానికి చిట్టచివరి గోడ. దానికి అవతల శూన్యం, పాతాళంలో ఉన్నట్టు కింద కార్లు నిలిపే చోటు. అక్కడ బయటినుంచి ఇనుపమెట్లు కట్టి, ఆ గోడను పగలగొట్టి వాకిలి పెట్టాలి. మెట్ల ఇనుము ఇంకా రాలేదు.

"ఆ గోడ జోలికి పోకండి నాయనా," అని మొదటినుంచీ అడ్డుపడుతున్నవాడు ఒక్కడే. తాళాలాయన. కంపెనీ రోజుల నుంచీ ఈ భవనానికి కాపు. నడుముకు తాళాల గుత్తి, మొహాన చెరగని చిరునవ్వు. కంపెనీ పోయినా ఆయన పోలేదు. భవనంతో పాటు లిఫ్టులూ నీళ్ళ మోటార్లూ వచ్చినట్టే ఆయనా కాలేజీవాళ్ళకు వచ్చాడు. వయసెంతో ఎవరికీ తెలియదు. కింద వరండాలో వేలాడే పాత ఫొటోలో, భవనం పునాది నాటిదాంట్లో కూడా, ఆయన ఇలాగే ఉన్నాడు. చూసినవాళ్ళు తండ్రి అయ్యుంటాడనుకున్నారు.

ఇంజనీరు సైటు మీద పులి, చెల్లెలి దగ్గర పిల్లి. తల్లి పోయిన ఇంట్లో ఆ పిల్లకు జడలల్లిందీ, అన్నం తినిపించిందీ, లెక్కలు రాకపోతే పక్కన కూర్చుని తనూ ఏడ్చిందీ అతనే. ఇప్పుడామె అతని దగ్గరే ప్లాన్లు గీస్తోంది. ఊరందరికీ ఆమె ఆర్కిటెక్టు, అతనికి మాత్రం చిట్టి.

"అన్నయ్యా, టేపు గట్టిగా పట్టుకో. నీ చెయ్యి వణికితే తలుపు వంకరొస్తుంది," అంది చిట్టి. పగలగొట్టే ముందు గోడమీద వాకిలిని నిలువెత్తున గీసుకోవడం వాళ్ళ పద్ధతి. ఎర్రసుద్దతో ఎడమ గీత గీసింది. పైగీత గీసింది. కుడిగీత కిందికి దించింది.

"చాల్లే, మిగతాది పొద్దున చూద్దాం. కరెంటు పోయేలా ఉంది."

"గడప గీత ఒక్కటే కదా."

వంగి ఆ గీత కూడా కలిపింది. నాలుగు గీతలూ కలిసిన క్షణాన... ఫెళ్ళున పిడుగు! దీపాలు ఆరిపోయాయి. భవనం పునాదుల్లోంచి ఒక నిట్టూర్పు లేచి, అంతస్తు తర్వాత అంతస్తు ఎక్కుతూ పైకొచ్చినట్టయింది. చిట్టి లేచి నిలబడి, గీసిన వాకిలి మధ్యలో అరచెయ్యి ఆనించింది. అలాగే ఉండిపోయింది.

"తలుపు తియ్యి," అంది. గొంతు ఆమెది కాదు. సన్నటి గొంతు, ఎండిపోయిన గొంతు. "తియ్యవా...? అమ్మా... అమ్మా..."

అన్న గుండె కలుక్కుమంది. ఎన్నేళ్ళయింది ఈ పిల్ల అమ్మ అన్న మాట అని! భుజం పట్టుకుని ఇటు తిప్పాడు. తిప్పినవాడు గభాల్న చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ కళ్ళలో తెలుపు లేదు. రెప్ప నుంచి రెప్ప దాకా నల్లటి నలుపు! మరుక్షణం ఆమె అతన్ని తోసేసి గోడకేసి పరుగెత్తింది. గీసిన వాకిట్లోంచి బయటపడాలని నుదుటితో గోడను ఢీకొంది. వెనక్కి వచ్చి మళ్ళీ ఢీకొంది. గోళ్ళతో సున్నం గీకుతూ, నెత్తురు కారుతూ, మళ్ళీ... మళ్ళీ...!

మేస్త్రి, ముగ్గురు పనివాళ్ళు కలిసి ఆమెను ఒడిసిపట్టి ఎత్తారు. పూచికపుల్లలాంటి పిల్ల ఇనుపదూలమంత బరువుంది. ఈడ్చుకుంటూ వాకిలి దాకా తెచ్చారు. గడప దాటించారో లేదో ఆమె ఊపిరి ఆగిపోయింది. పెదాలు నల్లబడ్డాయి. బెదిరిపోయి లోపలికి లాగారు. ఊపిరి వచ్చింది. మళ్ళీ దాటించారు. మళ్ళీ ఆగింది!

డాక్టరమ్మ వచ్చింది. భయానికి షాకు తగిలిందని, ఆస్పత్రికి తీసుకుపోదామని స్ట్రెచరు ఎక్కించింది. గడప దగ్గర తన కళ్ళతో తనే చూసింది. స్ట్రెచరు లోపలికి నెట్టించి, చెమట తుడుచుకుని, "నాకు తెలిసిన వైద్యంలో ఇది లేదండీ," అని చెప్పి చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా మెట్లు దిగిపోయింది. ఆవిడ వెనకే పనివాళ్ళూ జారుకున్నారు. ప్రిన్సిపాల్‌ మేడమ్‌కు ఫోను చేస్తే, "అయ్యయ్యో, మంచి డాక్టరుకు చూపించండి. ఫైర్ ఇన్‌స్పెక్షన్ ఎల్లుండి పొద్దున, గుర్తుంది కదా," అంది. ఎవరి గోల వారిది.

ఇంజనీరు ఒక్కడే మిగిలాడు. ఎన్ని భవనాలు కట్టినవాడు, ఎన్ని పడగొట్టినవాడు... నాలుగు గోడల మధ్య చెల్లెలిని ఒళ్ళో పెట్టుకుని పసివాడిలా ఏడ్చాడు. అదిగో, అప్పుడు మెట్ల మీద తాళాల గుత్తి గలగలమంది.

తాళాలాయన తాపీగా వచ్చాడు. నిమ్మకు నీరెత్తినట్టున్నాడు. చిట్టిని చూసి, పారిపోయిన మేక దొడ్లో కనబడినట్టు తలాడించాడు.

"చెప్తే విన్నారు కాదు నాయనా. గోడ జోలికి పోవద్దన్నానా?"

"ఏమైంది పెద్దాయనా మా చెల్లికి? మీకు తెలుసా?"

"తెలియక? పెట్టినవాణ్ణి నేనే కదా."

నిచ్చెన వేసుకుని, వాకిలి పైన ఉన్న ఫాల్స్ సీలింగు పలక ఒకటి పక్కకు జరిపి, లోపల చెయ్యి పెట్టాడు. చేతికి వచ్చింది చూసి ఇంజనీరుకు పైప్రాణం పైనే పోయింది. కపాలం! పొగచూరి నల్లబడిన మానవ కపాలం! కళ్ళ గుంటల్లో గడ్డకట్టిన చమురు, నుదుట ఎండిన నెత్తుటి మరకలు, దవడలకు బిగించి కట్టిన నల్లదారం. దాన్ని పసిపిల్లను ఎత్తుకున్నట్టు సందిట పెట్టుకుని దిగాడు ఆ దుర్మార్గుడు.

"ఈ భవనం పునాది తీసేటప్పుడు మట్టికింద ఒక శక్తి దొరికింది. ఏమిటని అడక్కు, నాకూ తెలియదు. పట్టుకున్నాను. ఒకే వాకిలి ఉన్న గదిలో పెట్టి, ఆ వాకిలి మీద దీన్ని కాపలా ఉంచాను. వాకిలి ఒక్కటైతే, వాకిలి నాదైతే, లోపలున్నదీ నాదే. అది గదికి సిరి ఇస్తుంది, నాకు ఆయుష్షు ఇస్తుంది. దానికి తిండి నేను పెడతాను."

"ఏం తిండి?"

"ఏడాదికొక మనిషి. ఒకసారి ఒక గుమాస్తా మెట్ల మీద జారాడు. ఒకసారి టైపు కొట్టే అమ్మాయి కుర్చీలోనే నిద్రపోయింది. ఎవరూ పట్టించుకోలేదు. ఆఫీసన్నాక ఎవరో ఒకరు పోతూనే ఉంటారు." ఆయన పెదాలు తడుపుకున్నాడు. "కంపెనీ పోయాక పస్తులుంది పాపం. ఇప్పుడు పిల్లలు వస్తున్నారు. లేత ప్రాణాలు. ఒక్కొక్కటీ పదేళ్ళకు సరిపోతుంది."

ఇంజనీరు ఆయన గొంతు పట్టుకున్నాడు. పులిలాగే పట్టుకున్నాడు. తాళాలాయన నవ్వుతూనే ఉన్నాడు. వెనక నుంచి గుర్రుమని చప్పుడు... తిరిగి చూస్తే చిట్టి గొంతు మీద ఐదు వేళ్ళ గుర్తులు ఎర్రగా తేలుతున్నాయి! గిలగిల కొట్టుకుంటోంది! అతను వదిలేశాడు. ఆమె గొంతూ వదిలింది.

"అర్థమైందా? నీ చెల్లెలు, లేని వాకిలిని గీసింది. గీత కలవగానే అది బయటపడబోయింది. గోడ అడ్డమొచ్చింది, చెయ్యి దొరికింది. ఆ చేతిలోంచి ఈ పిల్లలో దూరింది. దాన్ని మళ్ళీ గదిలోకి దించాలంటే, కట్టేవాడివి నువ్వు నీ నోటితో మాట ఇవ్వాలి, ఈ గదికి వాకిలి ఒక్కటేనని. గోడ అలాగే ఉండాలి. పిల్లలు ఇక్కడే కూర్చోవాలి. నీ చెల్లి నీకు, వాళ్ళు నాకు."

"మరి రెండో వాకిలి లేకపోతే అనుమతి..."

"దానికి మీవాళ్ళ దగ్గర ఉపాయాలు లేవా? గోడకు ఒక తలుపు బిగించు. పైన బయటికి దారి అని ఆకుపచ్చ దీపం పెట్టు. వచ్చేవాళ్ళు దూరం నుంచి చూసి టిక్కు పెట్టుకుని పోతారు. గోడకు ఉత్త తలుపు బిగించడం నువ్వు కనిపెట్టిందేం కాదుగా."

కాదు. ఎన్నో చోట్ల ఎందరో చేసిందే. అతను మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కసారీ చెయ్యలేదు, ఆ సంగతి అందరికీ గొప్పగా చెప్పుకునేవాడు కూడా. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఒకవైపు ముక్కూ మొహం తెలియని పిల్లలు. ఇంకోవైపు ఒళ్ళో చిట్టి. తెల్లవార్లూ ఆమె తల నిమురుతూ కూర్చున్నాడు. ఆ పిల్ల పళ్ళు పటపటలాడిస్తూ, "తలుపు... అమ్మా..." అంటూనే ఉంది. తెల్లవారాక తాళాలాయన వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"ఈ గదికి వాకిలి ఒక్కటే," అన్నాడు ఇంజనీరు.

ఆ మాట వినగానే చిట్టి వేళ్ళు అతని మణికట్టును నెత్తురొచ్చేలా పట్టుకున్నాయి. లోపలి పిశాచం కసి అనుకున్నాడు. మెల్లగా ఒక్కొక్క వేలే విడదీసుకున్నాడు.

మేస్త్రిని బతిమాలి పిలిపించాడు. మేస్త్రి గడప దగ్గరే నిలబడి, గదిలోకి రావాలా వద్దా అని గింజుకుని, ఆ అన్న మొహం చూసి వచ్చాడు. ఎర్రగీతల మీదే చట్రం నిలబెట్టి మేకులు దించాడు. తలుపు వేలాడదీశాడు. బయటికి పోయే దారి తలుపు బయటికే తెరుచుకోవాలన్నది ఆ పనిలో నియమం. చేతికి అలవాటైపోయి, మేస్త్రి దాన్ని అలాగే బిగించాడు. గోడలోకి తెరుచుకోవాల్సిన తలుపు! పైన ఆకుపచ్చ దీపం వెలిగింది.

"సార్, ఒక మాట. గోడ ఉన్నంతకాలం గోడే. తలుపు పెట్టాక ఎవరో ఒకరు తట్టక మానరు," అని సామాను సర్దుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రమైంది. పడమటి ఆకాశం పుండులా ఎర్రబడింది. అసురసంధ్య వేళ! పక్షులు ఆ భవనం పైనుంచి ఎగరడం మాని చుట్టూ తిరిగి పోతున్నాయి. వీధికుక్కలు మోరలెత్తి ఏడుస్తున్నాయి. హాలు మధ్య భస్మంతో వలయం గీశాడు తాళాలాయన. నడుమ కపాలం. దాని కంటిగుంటలో వత్తి. నీలిమంట నాలుక చాచింది. వలయంలో చిట్టిని కూర్చోబెట్టి, ఆమె వేలు కోసి నెత్తుటిబొట్టు కపాలం నుదుట అద్దాడు. అప్పటిదాకా చిరునవ్వు వీడని ఆ ముఖం వికృతమైపోయింది. కనుగుడ్లు పైకి తేలాయి. నరాలు తాళ్ళలా ఉబ్బాయి. మాటలను తోక నుంచి తలకు చదువుతున్నట్టు, అర్థం లేని మంత్రం అందుకున్నాడు.

"దిగు! నా గదిలోకి దిగు!"

"తలుపు ఉందిగా," అంది చిట్టి నోట్లోంచి ఆ సన్నని గొంతు. నల్లటి కళ్ళు ఆకుపచ్చ దీపం వైపే చూస్తున్నాయి.

"అది తలుపు కాదు! ఉత్త చెక్క! దిగుతావా, కాల్చనా?" అని మంటలో తన చేయి పెట్టాడు. చిట్టి చేయి కాలింది! ఆమె కేక... అన్నకు ప్రాణం విలవిల్లాడింది. అడుగు ముందుకేశాడు, ఆగాడు. ఆ ముసలాడి మీద ఏ దెబ్బ వేసినా చెల్లెలికే తగులుతుంది. తన చేతులు తనవే గానీ దేనికీ పనికిరావు. ఇంత నిస్సహాయత పగవాడికి కూడా వద్దు!

అప్పుడు... తలుపు మీద ఎవరో తట్టారు.

ఉన్న వాకిలి కాదు. రెండోది. గోడకు బిగించినది. అవతల మెట్లు లేవు, అడుగు పెట్టే చోటు లేదు, భూమికి అంత ఎత్తున ఉత్త గాలి! ఆ గాలిలోంచి... టక్... టక్... టక్...

మంత్రం ఆగింది. తాళాలాయన మొహంలో నెత్తురుచుక్క లేదు. అన్నేళ్ళూ ముదరని ఆ మొహం ఒక్క క్షణంలో ముసలిదైంది.

"ఎవరది?" అన్నాడు. 

"అమ్మ," అంది ఆ సన్నని గొంతు. ఏడుపు ఆపి, ముక్కు ఎగబీలుస్తూ, మహా సంబరంగా. "చెప్పానుగా. రోజూ పిలిచానుగా. అమ్మకు తలుపు కనపడలేదు. ఇప్పుడు కనపడింది."

ఇంజనీరుకు అప్పుడు అర్థమైంది. నిన్నటి నుంచి అమ్మా అని ఏడుస్తున్నది తన చెల్లి కాదు! శక్తి అని, పిశాచమని ఈ దుర్మార్గుడు ఇన్నేళ్ళుగా గదిలో పెట్టి, మనుషుల ప్రాణాలు నోట్లో కుక్కింది... ఒక పసిదానికి! మట్టికింద అమ్మ పక్కన పడుకున్నదాన్ని ఎత్తుకొచ్చాడు. అమ్మ అప్పటినుంచీ ఈ భవనం చుట్టూ తడుముకుంటూనే ఉంది. ఉన్న ఒక్క వాకిలికీ కపాలం కాపలా. మిగతావన్నీ గోడలు.

"పట్టుకో! ఆ తలుపు పట్టుకో!" తాళాలాయన అరిచాడు. "అది తెరుచుకుంటే నీ చెల్లెలు కూడా దక్కదు!"

అన్న ఆలోచించలేదు. చెల్లెలి పేరు చెబితే అతనికి ఆలోచన ఉండదు. పరుగెత్తి వెళ్ళి, వీపు ఆనించి, కాళ్ళు నేలకు తన్నిపట్టి తలుపును అదిమాడు. కానీ ఆ తలుపు నియమం ప్రకారం బిగించిన తలుపు. బయటికి తెరుచుకునే తలుపు! అతను అదిమిన వైపుకే అది తెరుచుకుంది!

వెల్లకిలా పడ్డాడు. నడుము దాకా గదిలో, నడుము పైన... ఎక్కడో. అక్కడ ఆకాశం లేదు, నగరం దీపాలు లేవు. చిక్కటి చీకటి, అందులో తొలివాన పడ్డ మట్టివాసన, పాలవాసన. చెయ్యి ఎత్తబోతే లేవలేదు. ఆ చీకటిలోంచి ఒక మహాకాయం కదిలింది. దాని ఆకారం అతను చూడలేదు, చూసి ఉంటే బతికేవాడు కాదు. తన మీదుగా అది గడప దాటుతున్నంతసేపూ గుండెల మీద కొండ నడిచినట్టుంది. అయినా అతని ఎముక ఒక్కటీ విరగలేదు. నేలమీద పడుకున్న పిల్లాణ్ణి తొక్కకుండా ఇంట్లో ఆడవాళ్ళు ఎలా దాటుతారో, అది అతన్ని అలా దాటింది.

ప్రళయగర్జన చేసింది ఆకాశం! కిటికీల అద్దాలన్నీ ఒక్కసారిగా పొడి అయి రాలాయి! తాళాలాయన కపాలాన్ని ముందుకు చాచి మంత్రం చదివాడు. దవడల నల్లదారం తెగింది. కపాలం నోరు తెరిచి ఆయన చేతినే కొరికి పట్టుకుంది! రెండో చేత్తో తాళాల గుత్తి తీశాడు, ఉన్న వాకిలి వైపు పాకాడు. తాళాలు ఒక్కొక్కటే ఎర్రగా కాగి, కరిగి, వేళ్ళమధ్య నుంచి కారాయి. "నేను పెంచాను...! నేనే తిండి పెట్టాను...!" అని కేకపెట్టాడు. ఆ మాటకు ఆ తల్లి ఆగింది. వంగింది. అంతే! ఆయన దొంగిలించిన ఏళ్ళన్నీ ఒక్కపెట్టున మీద పడ్డాయి. చర్మం ముడుచుకుంది, జుట్టు ఊడింది, ఎముకలు పెళపెళలాడి సున్నమయ్యాయి. కేక సగంలో ఉండగానే అరిచే గొంతు లేకుండా పోయింది. పోగు పడిన బూడిదను గాలి ఊడ్చుకుపోయింది.

చిట్టి వలయంలోంచి లేచింది. చేతులు చాచింది. చొక్కా విప్పినట్టు ఆమెలోంచి ఏదో చిన్నది జారి, నేలమీద తప్పటడుగులు వేసి, ఆ చీకటి కుచ్చిళ్ళలో దూరింది. మళ్ళీ కొండంత బరువు అతని మీదుగా దాటింది. చల్లటి గాలి ఒకటి అతన్ని గదిలోకి నెట్టింది. తలుపు మూసుకుంది. తట్టి చూశాడు. వెనక గోడే. గట్టి గోడ.

చెల్లెలు కిందపడి ఉంది. భుజాన వేసుకున్నాడు. పూచికపుల్లంత బరువే! గడప దగ్గర ఆగాడు. కళ్ళు మూసుకుని దాటాడు. ఊపిరి ఆగలేదు. మెట్ల మీద కూర్చోబెట్టి ఆ మొహం రెండు చేతుల్లోకి తీసుకుని చూశాడు. కళ్ళలో తెలుపు తెల్లగా ఉంది.

"చిట్టీ, అయిపోయిందమ్మా. వాడు పోయాడు. అయిపోయింది."

చిట్టి కాలిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. బయట వాన అందుకుంది.

"నేను లోపలే ఉన్నానన్నయ్యా," అంది చివరికి. "ఒక్క క్షణం కూడా స్పృహ తప్పలేదు. ఆ పిల్లా నేనూ పక్కపక్కనే ఉన్నాం. నువ్వు వాడికి మాట ఇచ్చావు చూడు... అప్పుడు వద్దని నీ చెయ్యి పట్టుకున్నాను. నా బలమంతా పెట్టి పట్టుకున్నాను."

అతను తన మణికట్టు వైపు చూసుకున్నాడు.

"నీ కోసమే కదమ్మా..."

"తెలుసు. అందుకే నిన్నేమీ అనలేకపోతున్నాను." అంది. "ఆ పిల్ల నన్ను అడిగింది. మీ అన్నయ్య ఎవరి పిల్లల్ని ఇస్తానంటున్నాడు అని. దానికి నేనేం చెప్పను?"

అతని దగ్గర ఉన్న ఒక్క జవాబూ ఆమెకు ముందే తెలుసు, తెలిసీ అడిగింది. చిట్టి లేచి నిలబడింది, తూలింది. పట్టుకుందామని అతను చెయ్యి చాచాడు. ఆమె ఆ చేతిని చూసింది, కోపంగా కాదు, జాలిగా. తర్వాత గోడ పట్టుకుని మెల్లగా ఒక్కొక్క మెట్టే దిగుతూ వెళ్ళింది. అతను చాచిన చేయి చాచినట్టే ఉంచి, ఆ అడుగుల చప్పుడు వింటూ పైమెట్టు మీద కూర్చుండిపోయాడు.